చేంజ్‌లాగ్, వెర్షన్ రిలీజ్‌లను ఆటోమేట్ చేయదలిస్తే కమిట్ సందేశాలనే ఆధారంగా తీసుకోవచ్చా?

ప్రశ్న · కోరమంగళ, బెంగళూరు

అందరికీ నమస్కారం. చెల్లింపుల సేవకు సంబంధించిన లైబ్రరీలను నిర్వహించే ఒక చిన్న బృందంలో పనిచేస్తున్నాను. వాటిలో చాలావరకు జావాస్క్రిప్ట్‌లో రాసినవి, ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల రిజిస్ట్రీ) వెలువడతాయి. ఒకటి మాత్రం పైథాన్‌ది, పైపీఐలో (పైథాన్‌కు అలాంటి రిజిస్ట్రీ) వెలువడుతుంది. అన్నీ గిట్‌హబ్‌లో ఒకే రెపోలో (కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే చోటు) ఉన్నాయి. వీటిని మా సంస్థలోని ఇతర బృందాలతోపాటు మా కస్టమర్ల ఇంజినీర్లు కూడా వాడుతున్నారు. కస్టమర్ ఫోన్ చేసినప్పుడు చెన్నైలోని మా సపోర్ట్ బృందం మొదట తెరిచి చూసేది ప్రతి వెర్షన్‌లో ఏం మారిందో రాసి ఉండే చేంజ్‌లాగ్ ఫైలునే.

ప్రస్తుతం రిలీజ్ రోజున మాలో ఒకరు కూర్చుని, గత ట్యాగ్ (రిలీజ్‌కు పెట్టే గుర్తు) తర్వాత వచ్చిన కమిట్‌లన్నీ (కోడ్‌లో నమోదైన మార్పులు) చదివి, అర్థం కానివాటి గురించి రాసినవారిని అడిగి తెలుసుకుని, చేంజ్‌లాగ్ రాసి, వెర్షన్ సంఖ్యను ఫైళ్లలో చేత్తో మార్చి, ట్యాగ్ పెట్టి, ప్యాకేజీలను పబ్లిష్ చేస్తున్నారు. కొన్ని వారాల కిందట చేసిన మార్పు ఎవరిపై ప్రభావం చూపుతుందో చేసినవారికే అప్పటికి సరిగ్గా గుర్తుండదు. మైనర్ సంఖ్య (వెర్షన్‌లో మధ్యది) పెంచాలా, ప్యాచ్ (చివరిది) సరిపోతుందా అన్నది ఆ రోజు కూర్చున్నవారి అంచనాను బట్టి మారుతోంది. అలా కాకుండా ఎవరి మార్పును వారే చేంజ్‌లాగ్ ఫైలులో చేర్చాలని నియమం పెడితే, అందరూ ఆ ఫైలులో ఒకే చోట రాయడం వల్ల ప్రతి పుల్ రిక్వెస్ట్‌లోనూ (మార్పును ప్రధాన కోడ్‌లో కలపమనే అభ్యర్థన) మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (రెండు మార్పులు ఢీకొనడం) వస్తోంది.

కమిట్ సందేశాలకు ఒక పద్ధతి పెట్టుకుని, సెమాంటిక్-రిలీజ్ వంటి సాధనాన్ని అమర్చుకుంటే, మెయిన్ బ్రాంచిలో మెర్జ్ అయిన వెంటనే సంఖ్య పెరగడం దగ్గర్నుంచి పబ్లిష్ కావడం వరకు అంతా దానంతట అదే జరిగిపోతుందని మా లీడ్ అంటున్నారు. కమిట్ సందేశాలను వరుసగా పేర్చి ఇస్తే ఆ ఫైలు తమకు పనికిరాదని సపోర్ట్ బృందం ముందే చెప్పింది. నాకు రెండు వాదనల్లోనూ న్యాయం కనిపిస్తోంది. కమిట్ సందేశం నుంచే చేంజ్‌లాగ్ తయారు చేయడం సరైనదేనా? పబ్లిష్ అయ్యే ముందు ఒక మనిషి చూసి ఆమోదించే దశ అవసరమా? ఏది బ్రేకింగ్ చేంజ్ (వాడేవారి కోడ్‌ను పనిచేయకుండా చేసే మార్పు) అవుతుందో నిర్ణయించే పనిని యంత్రానికి వదిలేయవచ్చా? ఇలాంటి రెపోలను నడిపిన అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం · వైట్‌ఫీల్డ్

మీ మొదటి ప్రశ్నకే ఎక్కువ సమయం ఇస్తాను, ఎందుకంటే అది తేలితే సాధనం ఏదన్నది సగం తేలిపోయినట్లే.

మీ లీడ్ చెబుతున్న పద్ధతికి గట్టి పునాదే ఉంది. యాంగ్యులర్ ప్రాజెక్టు వారు కమిట్ సందేశాలకు పెట్టుకున్న నియమాలనుంచి కన్వెన్షనల్ కమిట్స్ అనే ప్రమాణం పుట్టింది, దాని 1.0.0 వెర్షన్ 2019లో వచ్చింది. సందేశం ‘ఫిక్స్’ అని మొదలైతే ప్యాచ్ సంఖ్య, ‘ఫీట్’ అని మొదలైతే మైనర్ సంఖ్య పెరుగుతాయి. ఆశ్చర్యార్థకం పెట్టినా, చివర బ్రేకింగ్ చేంజ్ అని రాసినా మేజర్ (మొదటి) సంఖ్య పెరుగుతుంది. ఈ సంఖ్యల అర్థాన్ని నిర్దేశించేది సెమాంటిక్ వెర్షనింగ్ 2.0.0. గిట్‌హబ్ సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాసిన ఆ పత్రం 2013 నుంచి అమల్లో ఉంది. సందేశం క్రమశిక్షణతో రాస్తే సంఖ్యను లెక్కగట్టడానికి మనిషి అక్కర్లేదన్న మాట నిజమే.

అయితే సంఖ్యను లెక్కగట్టడం ఒక పని, చదివేవారికి మార్పును వివరించడం మరొక పని. కమిట్ సందేశాన్ని మనం రేపు ఆ కోడ్‌ను సరిచేయబోయే సహోద్యోగి కోసం రాస్తాం. చేంజ్‌లాగ్‌ను మాత్రం మన కోడ్‌ను ఎన్నడూ తెరిచి చూడని వ్యక్తి చదువుతారు. మీ రంగంలోంచే ఒక ఉదాహరణ చెబుతాను. ‘రీట్రై క్యూలో రేస్ కండిషన్‌ను సరిచేశాం’ అన్నది చక్కటి కమిట్ సందేశం. రివ్యూ చేసేవారికి అంతకంటే ఎక్కువ అవసరం లేదు. అదే మార్పుకు చేంజ్‌లాగ్‌లో ఉండవలసిన వాక్యం వేరు: ‘నెట్‌వర్క్ మధ్యలో తెగిపోయి మళ్లీ ప్రయత్నించినప్పుడు ఒకే చెల్లింపు రెండుసార్లు నమోదయ్యే అవకాశం 3.2.0 నుంచి ఉండేది; దాన్ని తొలగించాం; మీ కోడ్‌లో మార్చవలసినది ఏమీ లేదు.’ మొదటి వాక్యంలోంచి రెండో వాక్యాన్ని ఏ స్క్రిప్టూ రాబట్టలేదు, ఎందుకంటే ఏ వెర్షన్ నుంచి, ఎవరికి, ఏం చేయాలి అన్న సమాచారం మొదటి వాక్యంలో అసలు లేదు. 2014లో మొదలైన ‘కీప్ ఎ చేంజ్‌లాగ్’ మార్గదర్శకం గిట్ లాగ్‌ను యథాతథంగా చేంజ్‌లాగ్‌లో కుమ్మరించవద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. మీ సపోర్ట్ బృందం కూడా అదే మాట అంటోంది.

అందువల్ల నేను సూచించే నియమం ఒక్కటే: మార్పు చేసినవారే, మార్పు చేసిన పుల్ రిక్వెస్ట్‌లోనే, వాడుకరి కోసం ఒకటి రెండు వాక్యాలు రాయాలి, ఆ వాక్యాలను పోగుచేయడం, సంఖ్య పెంచడం, ట్యాగ్ పెట్టడం, పబ్లిష్ చేయడం యంత్రం చేయాలి. కారణం మనసులో తాజాగా ఉన్నప్పుడే వాక్యం రాయించుకోవడం వల్ల రిలీజ్ రోజున ఎవరినీ గుచ్చి గుచ్చి అడగవలసిన అవసరం ఉండదు. రివ్యూ చేసేవారు కోడ్‌తోపాటు ఆ వాక్యాన్ని కూడా చదువుతారు గనుక, వాక్యం అర్థం కాకపోతే అక్కడే ఆపగలుగుతారు.

మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌ల విషయం. పెద్ద ప్రాజెక్టులన్నీ ఈ ఇబ్బందిని ఎదుర్కొన్నవే. గిట్‌ల్యాబ్ వారు ఒకే చేంజ్‌లాగ్ ఫైలును అందరూ సవరించే పద్ధతి మాని, ఒక్కో మార్పుకు ఒక్కో చిన్న యామల్ ఫైలు పెట్టే పద్ధతికి మారారు. ఆ తర్వాత కమిట్ సందేశం అడుగున ‘చేంజ్‌లాగ్’ అనే ట్రైలర్ (చివరి గుర్తింపు వరుస) రాసే పద్ధతికి వెళ్లారు. పైథాన్ లోకంలో పిప్, పైటెస్ట్ వంటి ప్రాజెక్టులు టౌన్‌క్రయర్ అనే సాధనం వాడతాయి. అందులోనూ ప్రతి మార్పుకు ఒక చిన్న ఫైలు రాస్తారు, రిలీజ్ సమయంలో అవన్నీ కలిసి ఒక విభాగంగా మారి, చిన్న ఫైళ్లు తొలగిపోతాయి. కుబర్నెటీస్ వారు పుల్ రిక్వెస్ట్ వివరణలోనే రిలీజ్ నోట్ రాయమంటారు; వాడుకరికి కనిపించే మార్పు లేకపోతే ‘నన్’ (ఏమీ లేదు) అని స్పష్టంగా రాయాలి, ఏదీ రాయకపోతే ఆ పుల్ రిక్వెస్ట్ మెర్జ్ కాదు. లేదని చెప్పించడం కూడా ఆ నియమంలో భాగం కావడం నాకు ఎంతో నచ్చిన విషయం.

మీ జావాస్క్రిప్ట్ ప్యాకేజీలకు చేంజ్‌సెట్స్ అనే సాధనం సరిగ్గా సరిపోతుంది. ఏ ప్యాకేజీకి ఏ స్థాయి పెంపు కావాలో, వాడుకరికి ఏం చెప్పాలో ఒక మార్క్‌డౌన్ ఫైలులో రాసి పుల్ రిక్వెస్ట్‌తో జతచేస్తారు. ఒక ప్యాకేజీపై మరొకటి ఆధారపడి ఉంటే, అవసరమైనప్పుడు ఆ రెండోదాని సంఖ్యను కూడా అదే పెంచుతుంది. ఒకే రెపోలో అనేక ప్యాకేజీలు ఉన్నవారికి ఇది పెద్ద ఊరట.

సమాధానం · ఎలక్ట్రానిక్ సిటీ

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తున్నాను, ఒక్క చోట తప్ప. చేంజ్‌సెట్స్ ప్రధానంగా జావాస్క్రిప్ట్ ప్యాకేజీల కోసం రూపొందినది. మీ పైథాన్ ప్యాకేజీని అందులో చేర్చాలంటే, ఆ ఫోల్డరులో ప్రైవేట్ అని గుర్తుపెట్టిన ఒక ప్యాకేజ్ జేసన్ ఫైలు ఉంచి, అక్కడ పెరిగిన సంఖ్యను పైప్రాజెక్ట్ ఫైలులోకి చేరవేసే స్క్రిప్ట్ మీరే రాసుకోవాలి. అది కష్టం కాకపోయినా, రెండు భాషల రెపోకు గూగుల్ వారి రిలీజ్-ప్లీజ్ అనే సాధనాన్ని కూడా పరిశీలించమని కోరుతున్నాను. అది నోడ్‌కూ (జావాస్క్రిప్ట్‌ను నడిపే వ్యవస్థ) పైథాన్‌కూ నేరుగా పనిచేస్తుంది, ఒకే రెపోలోని ప్యాకేజీలకు విడివిడిగా సంఖ్యలు నిర్వహిస్తుంది.

రిలీజ్-ప్లీజ్ కమిట్ సందేశాలనే చదువుతుంది, నిజమే. కానీ మెర్జ్ అయిన వెంటనే పబ్లిష్ చేయదు. తదుపరి రిలీజ్ ఎలా ఉండబోతుందో చూపే ఒక పుల్ రిక్వెస్ట్ తెరిచి, కొత్త మార్పులు వచ్చినకొద్దీ దాన్ని తాజా చేస్తూ ఉంటుంది. ఆ పుల్ రిక్వెస్ట్‌ను మనిషి మెర్జ్ చేసినప్పుడే ట్యాగ్, గిట్‌హబ్ రిలీజ్ ఏర్పడతాయి. మీ రెండో ప్రశ్నకు ఇందులోనే సమాధానం ఉంది. డబ్బుతో ముడిపడిన లైబ్రరీకి ఆమోదించే దశ తప్పనిసరి అని నా దృఢాభిప్రాయం. అయితే ఆ దశలో మనిషి చేసేది చదవడం, సరేననడం మాత్రమే కావాలి, ఫైళ్లు సవరించడం కాకూడదు. చేంజ్‌సెట్స్ యాక్షన్ (గిట్‌హబ్‌లో దానంతట అదే నడిచే పని) కూడా ఇలాంటి పుల్ రిక్వెస్ట్‌నే తెరుస్తుంది గనుక ఈ విషయంలో రెండూ సమానమే. సెమాంటిక్-రిలీజ్ మాత్రం మనిషి జోక్యం లేకుండా సాగేందుకే రూపొందింది. అంతేగాక తొలి రిలీజ్‌ను 1.0.0గా ఇస్తుంది, సున్నాతో మొదలయ్యే వెర్షన్ల దశను గుర్తించదు.

కమిట్ సందేశం సరిగ్గా లేదని మెర్జ్ అయ్యాక తెలిస్తే, మెర్జ్ అయిన పుల్ రిక్వెస్ట్ వివరణలో బదులు సందేశం రాయడానికి రిలీజ్-ప్లీజ్ వీలు కల్పిస్తుంది. ఇది స్క్వాష్ మెర్జ్ (పుల్ రిక్వెస్ట్‌లోని కమిట్‌లన్నిటినీ ఒక్కటిగా కలపడం) వాడితేనే నమ్మకంగా పనిచేస్తుంది. స్క్వాష్ మెర్జ్ అలవాటు చేసుకుంటే పుల్ రిక్వెస్ట్ శీర్షికే కమిట్ శీర్షిక అయ్యేలా అమర్చుకోవచ్చు గనుక, ప్రతి కమిట్‌నూ తనిఖీ చేయడానికి బదులు శీర్షిక ఒక్కదాన్ని తనిఖీ చేస్తే చాలు.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో కొత్తవారు చాలాసేపు వెతికే సమస్యలు రెండు ఉన్నాయి, ముందే చెబుతున్నాను. చెకౌట్ యాక్షన్ మామూలుగా చివరి కమిట్ ఒక్కదాన్నే తెస్తుంది, పాత ట్యాగ్‌లను తీసుకురాదు. చరిత్రను చదివే సాధనం వాడుతుంటే ఫెచ్-డెప్త్‌ను సున్నాగా పెట్టాలి, లేకపోతే గత రిలీజ్ ఏదో దానికి తెలియదు. రెండోది, వర్క్‌ఫ్లోకు (వరుసగా నడిచే పనుల జాబితా) గిట్‌హబ్ స్వయంగా ఇచ్చే టోకెన్‌తో (అనుమతి కీ) ట్యాగ్ పెడితే, ఆ ట్యాగ్ కోసం ఎదురుచూస్తున్న మరో వర్క్‌ఫ్లో మొదలు కాదు. వర్క్‌ఫ్లోలు ఒకదాన్నొకటి అంతులేకుండా పిలుచుకోకుండా గిట్‌హబ్ పెట్టిన ఏర్పాటు ఇది. పబ్లిష్ చేసే దశను అదే వర్క్‌ఫ్లోలో ఉంచండి, లేదా గిట్‌హబ్ యాప్ ద్వారా పొందిన టోకెన్ వాడండి.

పబ్లిష్ చేయడానికి ఎవరో ఒకరి ఖాతా నుంచి తీసిన శాశ్వత టోకెన్‌ను రహస్యాల్లో దాచే పద్ధతి మీ దగ్గర ఉంటే, ఈ అవకాశంతో దాన్ని కూడా తొలగించండి. పైపీఐ 2023లో, ఎన్‌పీఎం 2025లో ట్రస్టెడ్ పబ్లిషింగ్ తెచ్చాయి. నిర్దిష్ట రెపోలోని నిర్దిష్ట వర్క్‌ఫ్లోకు మాత్రమే, అదీ కొద్దిసేపు మాత్రమే చెల్లే అనుమతి లభిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆమోదించే దశ గురించి నా సందేహం తీరింది. బ్రేకింగ్ చేంజ్ సంగతి ఇంకా మిగిలే ఉంది. పోయిన నెలలో ఒక కస్టమర్, మేము ప్యాచ్‌గా ఇచ్చిన రిలీజ్ తమ వ్యవస్థను ఆపేసిందని ఫిర్యాదు చేశారు. ఆ మార్పులో ఏ ఫంక్షన్ పేరూ మారలేదు, ఏ ఆర్గ్యుమెంటూ మారలేదు. టైమవుట్ (జవాబు కోసం వేచి ఉండే గరిష్ఠ సమయం) డిఫాల్ట్ విలువను 30 సెకన్ల నుంచి 10 సెకన్లకు తగ్గించారు, అంతే. అలాంటి రిలీజ్ బయటికి వెళ్లాక వెనక్కి తీసుకునే మార్గం ఏమిటో కూడా తెలుసుకోవాలనుకుంటున్నాను.

సమాధానం · ఇందిరానగర్

మీరు చెప్పిన ఉదాహరణే అసలు విషయాన్ని చూపిస్తోంది. ఫంక్షన్ల ఆకారంలో వచ్చిన మార్పును యంత్రం పట్టుకోగలదు. టైప్‌స్క్రిప్ట్‌కు ఏపీఐ ఎక్స్‌ట్రాక్టర్, పైథాన్‌కు గ్రిఫ్, రస్ట్‌కు కార్గో-సెమ్‌వర్-చెక్స్ ఉన్నాయి. పేరు తొలగించినా, ఆర్గ్యుమెంట్ మార్చినా పైప్‌లైన్‌లోనే బయటపడుతుంది. వీటిని తప్పక పెట్టుకోండి. ప్రవర్తనలో వచ్చిన మార్పు సంగతి అలా కాదు. డిఫాల్ట్ విలువ మారిందని సాధనం చూపగలిగినా, 10 సెకన్లు ఎవరికి చాలవో దానికి తెలియదు. బ్యాంకు సర్వర్ జవాబిచ్చేందుకు 20 సెకన్లు పట్టే కస్టమర్ ఉన్నారని మీ బృందంలో ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి. కనుక మూడో ప్రశ్నకు నా సమాధానం: యంత్రం కనీస స్థాయిని నిర్ణయించవచ్చు, అంతకంటే పెంచే హక్కు రివ్యూ చేసేవారి దగ్గర ఉండాలి. సాధనం మేజర్ అన్నదాన్ని మనిషి ప్యాచ్‌గా తగ్గించకూడదు. సాధనం ప్యాచ్ అన్నదాన్ని మనిషి మేజర్‌గా పెంచవచ్చు.

సెమాంటిక్ వెర్షనింగ్ పత్రంలోని మొదటి నియమాన్ని చాలామంది దాటవేస్తారు. మీ పబ్లిక్ ఏపీఐ (ఇతరులు ఆధారపడగల భాగం) ఏమిటో ముందుగా ప్రకటించాలని అది చెబుతుంది. టైమవుట్ విలువలు, ఎర్రర్ కోడ్‌లు, మద్దతిచ్చే నోడ్ వెర్షన్లు మీ హామీలో భాగమా కాదా అన్నది ఒక పేజీలో రాసిపెట్టుకుంటే, రివ్యూలో వాదన సగానికి తగ్గుతుంది. ఆ పేజీ లేకుండా ఏ సాధనం పెట్టినా సంఖ్య మళ్లీ అంచనాగానే మిగిలిపోతుంది.

ఇక వెనక్కి తీసుకోవడం. వెలువడిన వెర్షన్‌లోని విషయాన్ని మార్చకూడదని, ఏ సవరణ అయినా కొత్త వెర్షన్‌గానే రావాలని అదే పత్రం నిర్దేశిస్తుంది. రిజిస్ట్రీలు కూడా దీన్నే అమలు చేస్తాయి. పైపీఐలో ఒక ఫైలును తొలగించినా అదే పేరుతో మళ్లీ ఎక్కించడం కుదరదు. ఎన్‌పీఎంలో ఒకసారి వాడిన వెర్షన్ సంఖ్య, ఆ ప్యాకేజీకి శాశ్వతంగా వాడినట్లే. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తొలగించగానే ప్రపంచమంతటా ఎన్నో బిల్డ్‌లు ఆగిపోయాయి. ఆ తర్వాత తొలగింపు నియమాలు కఠినమయ్యాయి. ఇప్పుడు పబ్లిష్ చేసిన 72 గంటల్లోపు, అదీ వేరే ప్యాకేజీలేవీ దానిపై ఆధారపడకపోతేనే, సులభంగా తీసివేయగలరు. కనుక తొలగించే ఆలోచన పెట్టుకోవద్దు. ఎన్‌పీఎంలో ఆ వెర్షన్‌ను డెప్రికేట్ చేసి (వాడవద్దని గుర్తుపెట్టి) కారణం రాయండి, పైపీఐలో యాంక్ చేయండి. యాంక్ చేసిన వెర్షన్‌ను కచ్చితమైన సంఖ్యతో అడిగినవారికి పిప్ (పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే సాధనం) ఇస్తూనే ఉంటుంది, కొత్తగా ఎంచుకోదు. వెంటనే పాత విలువతో కొత్త ప్యాచ్ విడుదల చేసి, చేంజ్‌లాగ్‌లో ఏ వెర్షన్‌ను ఎందుకు దాటవేయాలో చెప్పండి. ట్యాగ్‌ను జరిపి అదే సంఖ్యతో మళ్లీ పంపే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

సందేహం ఉన్న మార్పులను ముందుగా ఎన్‌పీఎంలో ‘నెక్స్ట్’ అనే డిస్ట్-ట్యాగ్‌పై (వెర్షన్‌కు ఎన్‌పీఎంలో పెట్టే పేరు) ప్రీరిలీజ్‌గా (ముందస్తు వెర్షన్) ఇచ్చి, ఒకరిద్దరు కస్టమర్లు పరీక్షించాక ‘లేటెస్ట్’కు తీసుకురావడం మంచిది.

సమాధానం · తరమణి, చెన్నై

నేను కోడ్ రాయను. మరో సంస్థలో సపోర్ట్‌లో పనిచేస్తాను. చదివే పక్షం నుంచి రెండు మాటలు చెప్పాలనిపించింది. ఫోన్‌లో కస్టమర్ ఉన్నప్పుడు మేము చేంజ్‌లాగ్‌లో వెతికేది ఎర్రర్ సందేశంలోని పదాలనే. కాబట్టి వాడుకరికి తెర మీద కనిపించే ఎర్రర్ కోడ్‌ను, సెట్టింగ్ పేరును వాక్యంలో యథాతథంగా రాయండి. విడుదల తేదీ ప్రతి వెర్షన్ పక్కన ఉండాలి, ఎందుకంటే కస్టమర్లు ‘మంగళవారం నుంచి’ అంటారే తప్ప వెర్షన్ సంఖ్య చెప్పరు. డిపెండెన్సీల (లైబ్రరీ ఆధారపడే ఇతర ప్యాకేజీల) వెర్షన్ సంఖ్య పెరిగిన వరుసలు పేజీ నిండా ఉంటే అసలు మార్పు వాటి మధ్య కనబడకుండా పోతుంది. వాటిని అన్నిటికంటే కిందికి పంపండి, భద్రతకు సంబంధించినవి మాత్రం పైన ఉంచండి.

ప్రశ్న అడిగినవారు

ఈ సూచనలను మా సపోర్ట్ బృందానికి చూపించాను. తేదీ, ఎర్రర్ కోడ్‌ల విషయంలో వారిదీ ఇదే మాట. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలకు చేంజ్‌సెట్స్, పైథాన్ ప్యాకేజీకి టౌన్‌క్రయర్ పెట్టాలని మా లీడ్, నేను ఒక అభిప్రాయానికి వచ్చాం. రెండింటిలోనూ మార్పు చేసినవారే వాక్యం రాస్తారు గనుక అలవాటు ఒకటే అవుతుంది. పబ్లిక్ ఏపీఐ పేజీ రాయడం కూడా ఈ వారమే మొదలుపెడుతున్నాం. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. టెస్ట్‌లు మాత్రమే మార్చిన పుల్ రిక్వెస్ట్‌లకు కూడా ఫైలు అడిగితే బృందం విసుగుపడుతుంది, అడగకపోతే మరిచిపోయినదేదో అవసరం లేనిదేదో తెలియదు.

సమాధానం · వైట్‌ఫీల్డ్

అడగండి, కానీ సమాధానం చెప్పడం సులువు చేయండి. చేంజ్‌సెట్స్‌లో ఖాళీ చేంజ్‌సెట్ సృష్టించే ఆదేశం ఉంది. ఈ పుల్ రిక్వెస్ట్‌లో వాడుకరికి చెప్పవలసినది లేదని రాసినవారు ఆలోచించి నిర్ణయించారని అది తెలుపుతుంది. టౌన్‌క్రయర్‌కు చెక్ అనే ఆదేశం ఉంది. బ్రాంచిలో ఫైలు లేకపోతే అది విఫలమవుతుంది. టెస్ట్‌లు, డాక్యుమెంటేషన్ మాత్రమే మారిన చోట ఆ తనిఖీని దాటవేయడానికి ఒక లేబుల్ ఏర్పాటు చేసి, లేబుల్ పెట్టే బాధ్యత రివ్యూ చేసేవారికి ఇవ్వండి. డిపెండెన్సీలను పెంచే బాట్ తెరిచే పుల్ రిక్వెస్ట్‌లను మొదటినుంచే మినహాయించండి, లేకపోతే వారం తిరగకుండానే అవన్నీ ఆగిపోయి పేరుకుంటాయి. వాటిలో భద్రతకు సంబంధించినది వస్తే మెర్జ్ చేసేవారు చేత్తో ఒక చేంజ్‌సెట్ చేర్చాలి. ఆ మాటను కాంట్రిబ్యూటింగ్ ఫైలులో ఇప్పుడే రాసిపెట్టండి.